చలికాలపు సైకిల్: సీటు కొలతలు ఎండాకాలం సైకిల్‌వే పెట్టుకోండి, హ్యాండిల్ ఎత్తు మాత్రం వద్దు

అక్టోబరు చివరి ఆదివారం బ్రిటన్‌లో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే సైకిల్ క్లబ్బులవాళ్లు ఎండాకాలమంతా తొక్కిన కార్బన్ సైకిల్‌ను ఇంట్లో పెట్టేసి, మడ్‌గార్డులున్న రెండో సైకిల్‌ను బయటికి తీస్తారు. దాన్ని వింటర్ బైక్ అంటారు. అల్యూమినియం ఫ్రేమో స్టీలు ఫ్రేమో ఉంటుంది. టైర్లు 28 లేదా 32 మి.మీ. వెనక మడ్‌గార్డుకు నేలకు జానెడు ఎత్తులో ఒక రబ్బరు ఫ్లాప్ వేలాడుతుంది, గుంపులో వెనక వచ్చేవాళ్ల మొహాన బురద కొట్టకుండా. డోలన్ ప్రెఫిసియో, కైనెసిస్ రేస్‌లైట్ లాంటివి ఈ పనికోసమే పేరు తెచ్చుకున్న సైకిళ్లు. మంచు పడే రాత్రుళ్లు కౌన్సిల్ లారీలు రోడ్ల మీద ఉప్పు చల్లుతాయి. ఆ ఉప్పునీళ్లకు మంచి సైకిల్ పాడవకూడదన్నదే ఈ ఏర్పాటుకు మూలం.

అక్కడ ఉద్యోగాలకు వెళ్లి రోడ్ సైకిల్ పట్టిన తెలుగువాళ్లకు మొదటి చలికాలంలోనే క్లబ్బు పెద్దల నుంచి ఒక సలహా అందుతుంది: రెండు సైకిళ్ల కొలతలూ మిల్లీమీటరు తేడా లేకుండా ఒకేలా పెట్టుకో, లేకపోతే మోకాళ్లు పట్టేస్తాయి అని. ఈ మాటలో సగం నిజం. సీటుకూ పెడల్‌కూ మధ్య కొలతలు ఒకేలా ఉండాల్సిందే, అందులో వాదనే లేదు. హ్యాండిల్ విషయంలో మాత్రం ఆ సలహా తప్పు. చలికాలపు సైకిల్‌కు హ్యాండిల్ ఎండాకాలం సైకిల్ కన్నా 15 నుంచి 25 మి.మీ. ఎత్తుగా, 10 నుంచి 15 మి.మీ. దగ్గరగా ఉండాలన్నది నా వాదన. ఇప్పటికే సీటుకు కాస్తే కిందగా హ్యాండిల్ పెట్టుకుని తొక్కేవాళ్లకు 10 మి.మీ. చాలు. సీటుకన్నా 80, 90 మి.మీ. కిందికి వంగి తొక్కేవాళ్లకు 25 కూడా ఎక్కువ కాదు.

కాళ్లు ఒక స్థిరమైన వృత్తంలో తిరుగుతాయి. గంటకు అయిదువేల సార్లు అదే కోణంలో మోకాలు ముడిచి చాపుతుంది. అక్కడ 5 మి.మీ. తేడా కూడా కీలుకు తెలుస్తుంది. నడుము, భుజాలు, మోచేతులు అలా కావు. తొక్కే తీరును బట్టి, బట్టలను బట్టి, చలిని బట్టి వాటి అవసరం మారుతుంది. ఒక నియమాన్ని రెండు వేరు వేరు పనులకు అంటగట్టడమే ఆ సలహాలోని లోపం.

అన్నిటికన్నా పెద్ద కారణం ఎవరూ పెద్దగా మాట్లాడనిది. చలికాలంలో ఎక్కువమంది తొక్కేది నింపాదిగా, ఒకే లయలో, మూడు నాలుగు గంటలు. పెడల్‌ను గట్టిగా తొక్కుతున్నప్పుడు ఆ ఒత్తిడికి ఎదురుగా పైశరీరం కొంత తేలుతుంది, చేతుల మీద బరువు తగ్గుతుంది. నెమ్మదిగా తొక్కేటప్పుడు ఆ ఆసరా ఉండదు. తల, భుజాలు, ఛాతీ బరువంతా అరచేతుల మీదికి దిగుతుంది. అందుకే జూన్‌లో గంటకు 34 కి.మీ. వేగంతో రెండు గంటలు హాయిగా తొక్కిన అదే భంగిమ, డిసెంబరులో 25 కి.మీ. వేగంతో గంటన్నరకే భుజాలు పీకేలా చేస్తుంది. శరీరం బలహీనపడిందని అనుకుంటారు. అది కాదు కారణం, పెడల్ మీద ఒత్తిడి తగ్గింది.

దీనికి బట్టలు తోడు. లోపల థర్మల్ బనీను, దాని మీద పొడుగు చేతుల జెర్సీ, పైన గాలిని ఆపే జాకెట్, కింద లోపలి వైపు నూగున్న మందపాటి బిబ్ టైట్స్. ఇవన్నీ తొడ మొదట్లోనూ పొట్ట దగ్గరా మడతలు పడి, ముందుకు వంగనివ్వకుండా అడ్డుకుంటాయి. మూడు డిగ్రీల చలిలో మొదటి అరగంట తొడ వెనక కండరాలూ నడుమూ బిగుసుకునే ఉంటాయి. మెడ సంగతి మరీ ఘోరం. హెల్మెట్ కింద ముందుకు అంచున్న టోపీ పెట్టుకుంటారు, వాన చినుకుల నుంచి కళ్లను కాపాడుకోవడానికి. ఆ అంచు కింది నుంచి దూరం చూడాలంటే తల ఇంకాస్త పైకెత్తాలి. నాలుగింటికే చీకటి పడే రోజుల్లో గుంతలు కనబడాలంటే తల దించుకుని తొక్కడమూ కుదరదు. హ్యాండిల్ ఎంత కిందుంటే మెడ అంత వెనక్కి విరగాలి.

గాలి నిరోధం పెరుగుతుంది కదా అని అడుగుతారు. పెరుగుతుంది. కానీ గాలిని చీల్చడానికి పెట్టే బలం వేగపు ఘనాన్ని బట్టి మారుతుంది; 32 నుంచి 27 కి.మీ.కి తగ్గితేనే ఆ ఖర్చు సుమారు 60 శాతానికి పడిపోతుంది. పైగా గాలికి ఉబ్బే జాకెట్ వేసుకుని, మడ్‌గార్డులు బిగించుకుని రెండు సెంటీమీటర్ల హ్యాండిల్ గురించి లెక్క చూసుకోవడంలో అర్థం లేదు.

ఇక బ్రేకులు. ఇది సౌకర్యం దాటి భద్రత దాకా వెళ్లే విషయం. తడి రోడ్డు మీద రిమ్ బ్రేకు (చక్రపు అంచును పట్టేది) ముందు నీళ్లు తుడిచి ఆ తర్వాతే పట్టుకుంటుంది. మందపాటి గ్లవ్స్‌తో, తిమ్మిరెక్కిన వేళ్లతో హుడ్స్ (బ్రేకు లివర్ల పైనున్న రబ్బరు తొడుగులు) మీద నుంచి లివర్ లాగితే చాలినంత బలం రాదు. కింది వంపు, అంటే డ్రాప్స్, పట్టుకుని లాగితే లివర్ చివర నుంచి పట్టు దొరుకుతుంది, అదే వేళ్ల బలానికి రెట్టింపు పని జరిగినట్టుంటుంది. కానీ హ్యాండిల్ మరీ కిందుంటే చలికాలపు బట్టల్లో డ్రాప్స్‌లోకి దిగడానికే ఎవరూ ఇష్టపడరు. వాలు మీద అవసరమైనప్పుడు చేతులు అక్కడ ఉండవు. అందుకే హ్యాండిల్ ఎత్తుకు నేను పెట్టే పరీక్ష ఒక్కటే: నిండుగా చలిబట్టలు వేసుకుని, మోచేతులు వంచి, డ్రాప్స్‌లో పావుగంట ఆపకుండా తొక్కగలగాలి. కుదరకపోతే హ్యాండిల్ కిందుంది, లేదా దూరంగా ఉంది.

ఇంతకీ కొలిచేదెలా?

ఒక టేపు, గోడ, చదునైన నేల ఉంటే చాలు. టైర్లలో గాలి నింపి, సైకిల్‌ను నిటారుగా నిలబెట్టండి. మొదటి కొలత క్రాంక్ (పెడల్ బిగించే చెయ్యి) ఇరుసు మధ్య నుంచి సీటు ట్యూబు వెంబడే సీటు పైభాగం దాకా. రెండోది, ఇరుసుకన్నా సీటు ఎంత వెనక ఉంది అన్నది. వెనక చక్రాన్ని గోడకు ఆనించి, గోడ నుంచి సీటు ముక్కుకూ, గోడ నుంచి క్రాంక్ ఇరుసుకూ విడివిడిగా కొలిచి తీసివేస్తే అదొస్తుంది. రెండు సైకిళ్లకూ వేరు వేరు సీట్లుంటే ముక్కు పొడవు మారుతుంది కాబట్టి, సీటు వెడల్పు సరిగ్గా 80 మి.మీ. అయ్యే చోట పెన్సిలుతో గీత గీసి అక్కడి నుంచి కొలవండి. ఈ రెండూ యథాతథంగా దించుకోవాల్సినవి. క్రాంక్ పొడవు తేడా ఉంటే సర్దుబాటు చేయాలి: ఎండాకాలం సైకిల్‌కు 172.5, దీనికి 170 ఉంటే సీటు 2.5 మి.మీ. పైకి. చలికాలం షూ, పెడల్ వేరే రకమైతే, షూ లోపలి అడుగు నుంచి పెడల్ ఇరుసు మధ్య దాకా ఎత్తు రెండు జతలకూ చూసి ఆ తేడా కూడా కలపాలి.

మూడో కొలత నేల నుంచి సీటు పైకి, నేల నుంచి హుడ్ గుంటకు, రెంటికీ తేడా. నాలుగోది సీటు ముక్కు నుంచి హుడ్ గుంట దాకా దూరం. హుడ్ గుంట అంటే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య భాగం ఆనే లోతైన చోటు. చాలామంది స్టెమ్ దగ్గర, అంటే హ్యాండిల్‌ను సైకిల్‌కు కలిపే ముక్క దగ్గర, హ్యాండిల్ మధ్యకు కొలుస్తారు. అది సరిపోదు. ఒక హ్యాండిల్ ముందుకు 70 మి.మీ. సాగితే ఇంకోటి 85 సాగుతుంది; హైడ్రాలిక్ లివర్ల హుడ్స్ మామూలు వాటికన్నా పొడుగ్గా, కొన్ని ఎత్తుగా ఉంటాయి. స్టెమ్ దగ్గర రెండూ సమానంగా ఉండి, చెయ్యి ఆనే చోట రెండు సెంటీమీటర్ల తేడా ఉన్న సైకిళ్లు ఎన్నో. నాలుగు గంటలు పట్టుకునేది హుడ్స్‌నే కాబట్టి అక్కడికే కొలవాలి.

టైర్లు లావువి వేస్తే హ్యాండిల్ పైకి లేస్తుందనేది ఒక అపోహ. రెండు చక్రాలూ ఒకే మేర పెరుగుతాయి, సీటూ హ్యాండిలూ కలిసే పైకి వెళతాయి. వాటి మధ్య తేడా మారదు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. అసలు చిక్కంతా ఇక్కడే. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు నుంచి పైకి వచ్చే స్టీరర్ ట్యూబు నిలువుగా ఉండదు, వెనక్కి వాలి ఉంటుంది. అది దూరే ఫ్రేము ముందు గొట్టం, అంటే హెడ్ ట్యూబు, కోణం 73 డిగ్రీలనుకుందాం, మధ్య సైజు రోడ్ ఫ్రేములకు ఇది మామూలు. అప్పుడు స్టెమ్ కింద 10 మి.మీ. స్పేసర్ (స్టీరర్‌కు తొడిగే ఉంగరం) వేస్తే హ్యాండిల్ 9.6 మి.మీ. పైకి, 2.9 మి.మీ. వెనక్కి వస్తుంది. 20 మి.మీ. వేస్తే 19 పైకి, 6 వెనక్కి.

అదే సైకిల్‌కు మైనస్ 6 డిగ్రీల (స్టీరర్‌కు లంబం కన్నా 6 డిగ్రీలు కిందికి వంగిన) 100 మి.మీ. స్టెమ్ ఉందనుకోండి, ఎక్కువ సైకిళ్లకు వచ్చేది అదే. దాన్ని విప్పి తలకిందులు చేసి బిగిస్తే ప్లస్ 6 అవుతుంది. ముందు అది నేలకు సమాంతరం కన్నా 11 డిగ్రీలు పైకి ఉండేది, ఇప్పుడు 23 డిగ్రీలు. హ్యాండిల్ 20 మి.మీ. పైకి, 6 మి.మీ. వెనక్కి. అంటే స్టెమ్ తిప్పినా, 20 మి.మీ. స్పేసర్లు వేసినా హ్యాండిల్ దాదాపు ఒకే చోటికి చేరుతుంది. ఎండ్యూరెన్స్ రకం ఫ్రేము, అంటే స్టాక్ 20 మి.మీ. ఎక్కువ, రీచ్ 7 మి.మీ. తక్కువ ఉన్నది కొన్నా దాదాపు అక్కడికే చేరుతుంది. స్టాక్ అంటే క్రాంక్ ఇరుసు నుంచి హెడ్ ట్యూబు పై అంచుకు నిలువు ఎత్తు, రీచ్ అంటే అదే రెండు బిందువుల మధ్య అడ్డదూరం. మూడు దారులూ ఒకే చోటికి తీసుకెళుతున్నప్పుడు ఏది ఎంచుకోవాలన్నది రూపం మీద కాక, స్టీరర్ ఎంత మిగిలింది, కేబుళ్లు ఎంత పొడుగున్నాయి అన్న దాని మీద ఆధారపడాలి.

మూడు దారుల్లోనూ ఒక వెలితి ఉంది, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నడుము దగ్గర ఇరుసు పెట్టినట్టు మొండెం 45 డిగ్రీల వంపు నుంచి కాస్త పైకి లేచిందనుకోండి. భుజాలు ఎంత పైకి వెళతాయో సుమారు అంతే వెనక్కీ వెళతాయి. హ్యాండిల్ 20 పైకి వచ్చి 6 మాత్రమే వెనక్కి వస్తే మిగతా 14 మి.మీ. ఎవరు భరిస్తారు? మోచేతులు. అవి తిన్నగా బిగుసుకుంటాయి. బిగుసుకున్న మోచేతుల గుండా రోడ్డు గుద్దులన్నీ నేరుగా భుజాలకూ మెడకూ ఎక్కుతాయి. లేదా మనిషి తెలియకుండానే సీటు ముక్కు మీదికి జరుగుతాడు, అప్పుడు సీటు కొలతలు జాగ్రత్తగా దించుకున్నదంతా వృథా. ‘హ్యాండిల్ ఎత్తు పెంచినా నొప్పి తగ్గలేదు’ అనే ఫిర్యాదు వెనక ఎక్కువసార్లు ఉండేది ఇదే.

అందుకే నేను గట్టిగా చెప్పే మార్పు: 100 మి.మీ. మైనస్ 6 స్టెమ్ తీసేసి 90 మి.మీ. ప్లస్ 6 స్టెమ్ పెట్టండి. లెక్క చూస్తే హ్యాండిల్ 16 మి.మీ. పైకి, 15 మి.మీ. వెనక్కి వస్తుంది. శరీరం కదిలే దారికి దాదాపు సమానం. ఒక్క వస్తువు, నాలుగైదు బోల్టులు, మామూలు అల్యూమినియం స్టెమ్‌కు పెద్ద ఖర్చూ కాదు. కేబుళ్లు మార్చనవసరం రాదు, స్పేసర్ల పరిమితితో పేచీ లేదు. స్టెమ్ 10 మి.మీ. పొట్టిదైతే స్టీరింగ్ తేడా మొదటి పది నిమిషాల్లో మర్చిపోతారు. కానీ 110 నుంచి 60కి దూకితే మాత్రం ముందు చక్రం చేతికి మరీ తేలిగ్గా తిరుగుతుంది, తడి ఆకుల మీద అది మంచిది కాదు. అంత పొట్టి స్టెమ్ కావాల్సి వచ్చిందంటే ఫ్రేమే పెద్దదని అర్థం. ప్లస్ 17 డిగ్రీల 90 మి.మీ. స్టెమ్ అయితే మొదటిదానికన్నా 31 మి.మీ. పైకి, 24 మి.మీ. వెనక్కి తెస్తుంది, రేసు ఫ్రేమునే చలికాలానికి వాడుకునేవాళ్లకు అది పనికొస్తుంది.

పైకి తిరిగిన స్టెమ్ చూడ్డానికి బాగోదనే మాట క్లబ్బుల్లో చాలా బలంగా ఉంది. ప్రొఫెషనల్ రేసర్లు స్పేసర్ ఒక్కటీ లేకుండా స్టెమ్‌ను హెడ్‌సెట్ (హెడ్ ట్యూబులోని బేరింగులు) మీదికి దించేసుకుంటారు, దాన్ని చూసి మామూలువాళ్లూ చేస్తారు. వాళ్లది వేరే శరీరం, వేరే పని, వాళ్ల వెనక ఫిజియో ఉంటాడు. శనివారం పొద్దున నాలుగు గంటలు వానలో తొక్కే మనిషి దాన్ని అనుకరించాల్సిన పనిలేదు.

బిగించే పద్ధతి

అలెన్ కీలు 4, 5 మి.మీ., బిగింపు బలాన్ని కొలిచే ఒక టార్క్ రెంచి, కాస్త గ్రీజు. కార్బన్ స్టీరర్ లేదా కార్బన్ హ్యాండిల్ అయితే గ్రీజు కాదు, కార్బన్ పేస్టు. విప్పే ముందు ఇప్పుడున్న స్థితిని ఫొటో తీసి, లివర్ల దగ్గరా హ్యాండిల్ దగ్గరా టేపు ముక్కలతో గుర్తులు పెట్టుకోండి.

ముందు స్టీరర్ పైనుండే మూత, అంటే టాప్ క్యాప్, బోల్టు తీయాలి, తర్వాత స్టెమ్ పక్కనున్న రెండు బోల్టులు వదులు చేయాలి. ఈ దశలో ఫోర్కును పట్టుకునేది ఏమీ ఉండదు, స్టాండు మీద ఉన్న సైకిల్ నుంచి జారిపోతుంది. ఒక చేత్తో ఫోర్కు పట్టుకోవడం మర్చిపోవద్దు. హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్ ముందువైపు మూత నాలుగు బోల్టులు విప్పి హ్యాండిల్‌ను పక్కకు వేలాడనివ్వండి, హైడ్రాలిక్ గొట్టాలు మడత పడకుండా. కొత్త స్టెమ్ హ్యాండిల్ మందానికి సరిపోవాలి: ఇప్పటివి 31.8 మి.మీ., పాతవి 26.0 లేదా 25.4. ఈ చివరి రెండూ చూడ్డానికి ఒకటే అనిపిస్తాయి, కానీ ఒకదానికి చేసిన స్టెమ్‌లో ఇంకోటి బిగిస్తే గుంతలో పడ్డప్పుడు హ్యాండిల్ కిందికి తిరిగిపోతుంది.

స్టెమ్, స్పేసర్లు ఎక్కించాక స్టీరర్ పై అంచు వాటి పై అంచుకన్నా 3 మి.మీ. కిందుండాలి. సమానంగా ఉందంటే టాప్ క్యాప్ స్టీరర్‌నే నొక్కుతుంది, బేరింగుల్లో వదులు ఎప్పటికీ పోదు. మరీ 10 మి.మీ. కిందుంటే స్టెమ్ పై బోల్టు గాలిని పట్టుకున్నట్టే. కార్బన్ స్టీరర్‌కు స్టెమ్ పైన ఒక 5 మి.మీ. స్పేసర్ ఉంచి, స్టీరర్ లోపల ఆసరాగా ఉండే ఎక్స్‌పాండర్ సరిగ్గా స్టెమ్ పట్టుకునే చోటే ఉండేలా చూడాలి. లోపల ఆసరా లేని కార్బన్ గొట్టాన్ని బయట నుంచి నొక్కితే అది చితుకుతుంది. స్టెమ్ కింద స్పేసర్లు 30 లేదా 40 మి.మీ. దాటొద్దని చాలా కంపెనీలు రాస్తాయి. మీ ఫోర్కు పుస్తకంలో ఉన్న అంకెదే తుది మాట.

ఇప్పుడు టాప్ క్యాప్. ఇది స్టెమ్‌ను పట్టి ఉంచదు, బేరింగుల్లో వదులు తీయడమే దాని పని. స్టెమ్ బోల్టులు వదులుగా ఉండగానే దీన్ని కొద్ది కొద్దిగా బిగించాలి. ముందు చక్రపు బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపుతూ, రెండో చేతి వేళ్లు హెడ్‌సెట్ అతుకు దగ్గర పెట్టండి. టకటక తెలిస్తే ఇంకో పిసరు బిగించండి. హ్యాండిల్ తిప్పితే బరువుగా, ఆగి ఆగి తిరిగితే ఎక్కువైందన్నమాట. కుదిరాక స్టెమ్‌ను ముందు చక్రంతో వరస చూసి, పక్క బోల్టులు ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి, స్టెమ్ మీద రాసి ఉన్న టార్క్‌కు బిగించండి. సాధారణంగా 5 న్యూటన్ మీటర్లు. స్టెమ్ బోల్టులు బిగించేశాక టాప్ క్యాప్‌ను బలంగా తిప్పేవాళ్లున్నారు. అలా చేస్తే వదులు పోదు సరికదా, ఆ బోల్టును పట్టుకునే లోపలి స్టార్ నట్ పైకి ఊడి వస్తుంది. స్టెమ్ ముందువైపు మూత నాలుగు బోల్టులు ఐమూలగా ఎదురెదురువి బిగిస్తూ, పైనా కిందా సందు సమానంగా ఉంచాలి. కొన్ని స్టెమ్‌లకు పైసందు పూర్తిగా మూసి కిందివి బిగించమని ఉంటుంది, అలాంటివాటి మీద రాసే ఉంటారు.

హ్యాండిల్‌ను ఈ కొసనుంచి ఆ కొస దాకా తిప్పి చూడండి. కేబులు గానీ బ్రేకు గొట్టం గానీ బిగుసుకుంటే అది పొట్టిదైంది. గేరు కేబులు బిగుసుకుంటే మలుపులో గేరు తనంతట తాను మారుతుంది. బ్రేకు గొట్టం లాగితే అతుకు దగ్గర కారడం మొదలవుతుంది. బయటి నుంచి వెళ్లే కేబుళ్లయితే కొత్తవి వేయడం ఒక సాయంత్రం పని. హెడ్‌సెట్ లోపలి నుంచి గొట్టాలు దూరే కొత్తరకం సైకిళ్లలో అయితే స్టెమ్ మార్చాలన్నా గొట్టం విప్పి, ఆయిలు నింపి, గాలి బుడగలు తీయాల్సి రావచ్చు. వాటి స్టెమ్‌లు తిప్పి బిగించడానికీ ఎక్కువగా వీలుండదు. చలికాలానికి సైకిల్ కొనేవాళ్లకు నా సలహా: కేబుళ్లు బయట కనబడేదే కొనండి. ఉప్పుకు కింది హెడ్‌సెట్ బేరింగు ఏటా పోతుంది, దాన్ని మార్చడానికి బ్రేకులన్నీ విప్పడం అన్యాయం.

స్టీరర్‌ను ముందే పొట్టిగా కోసేసిన సైకిల్‌కు స్పేసర్లు వేసే చోటే ఉండదు. అప్పుడు స్టెమ్ కోణమే దిక్కు. స్టీరర్ మీద బిగించి పొడిగించే ఎక్స్‌టెండర్లు దొరుకుతాయి. అల్యూమినియం, స్టీలు స్టీరర్లకు పరవాలేదు గానీ, కార్బన్‌కు నేను ఒప్పుకోను. కోణం మార్చుకునే అడ్జస్టబుల్ స్టెమ్‌ను కొలత తెలుసుకోవడానికి రెండు వారాలు వాడుకుని, ఆ కోణానికి దగ్గరున్న మామూలు స్టెమ్ కొనుక్కోవడం మంచిది. దాని పళ్ల దగ్గర ఉప్పునీళ్లు చేరితే కిర్రుమంటూనే ఉంటుంది. హ్యాండిల్‌ను పైకి తిప్పి హుడ్స్ లేపడం అన్నిటికన్నా సులువు, అన్నిటికన్నా చెడ్డది. మణికట్టు వెనక్కి విరిగి, డ్రాప్స్ పట్టుకోవడానికి వీల్లేని కోణంలోకి పోతాయి. హుడ్స్‌ను కాస్త పైకి జరపాలనుకుంటే హ్యాండిల్ టేపు విప్పి లివర్ బోల్టు వదులు చేసి 5 మి.మీ. జరపండి, హ్యాండిల్ పైభాగం నుంచి హుడ్ దాకా ఒకే వాలు వచ్చేలా.

పాత స్టీలు సైకిళ్లకు స్టీరర్ గొట్టం లోపలికి దిగే క్విల్ స్టెమ్ ఉంటుంది, ఇది వేరే జాతి. పైనుంచి బోల్టును మూడు నాలుగు చుట్లు వదులు చేసి, దాని తల మీద చెక్క పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే లోపలి చీల వదులుతుంది. స్టెమ్‌ను పైకి లాగొచ్చు, కానీ దాని మీద చెక్కిన గీత బయటికి కనబడకూడదు. ఆ గీత దాటితే స్టెమ్ విరగడమో స్టీరర్ చీలడమో జరుగుతుంది. ఇంకా ఎత్తు కావాలంటే నిట్టో టెక్నామిక్ లాంటి పొడుగు కాడ స్టెమ్‌లున్నాయి. వీటికి ఏటా సెప్టెంబరులో ఒకసారి బయటికి తీసి గ్రీజు పూయడం తప్పనిసరి. స్టీలు గొట్టంలో అల్యూమినియం కాడ, మధ్యలో ఉప్పునీళ్లు: రెండు చలికాలాల్లో అవి ఒకటైపోతాయి, తర్వాత రంపంతో కోయడమే మిగులుతుంది.

నొప్పి వేరే చోట నుంచి వస్తుంటే

హ్యాండిల్ పెంచడం అన్నిటికీ మందు కాదు. సీటు ముక్కు కిందికి వాలి ఉంటే మనిషి ముందుకు జారుతూనే ఉంటాడు, చేతులతో తనను తాను వెనక్కి నెట్టుకుంటూనే ఉంటాడు. సీటు మరీ ముందుకుంటే బరువు కాళ్ల మీద నిలవదు. ట్రెయినర్ (సైకిల్‌ను కదలకుండా బిగించి తొక్కే స్టాండు) మీద నెమ్మదిగా తొక్కుతూ హుడ్స్ నుంచి రెండు చేతులూ రెండు సెంటీమీటర్లు పైకెత్తి చూడండి. కొన్ని క్షణాలు నిలవగలిగితే సీటు సరిగ్గా ఉంది. వెంటనే ముందుకు తూలితే సీటును 5 మి.మీ. వెనక్కి జరిపి మళ్లీ చూడండి, ఎత్తు కూడా రెండు మూడు మిల్లీమీటర్లు దించి. ఆ తర్వాతే హ్యాండిల్ దూరం, ఆ తర్వాతే ఎత్తు. ఈ వరస తారుమారైతే ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడుతుంది.

చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కితే అరచేతి బయటి వైపు నరం నలుగుతోంది. బరువు ఎక్కువ కావడం, గ్లవ్ లోపలి మెత్త తప్పు చోట ఉండటం దీనికి కారణాలు. బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లయితే మణికట్టు మరీ వంగుతోందని, హుడ్స్ కోణం చూడమని అర్థం. వేళ్లన్నీ ఒకేసారి మొద్దుబారితే అది చలి, దానికి సైకిల్ దుకాణంలో మందు గ్లవ్సే. మందపాటి గ్లవ్స్‌తో లివర్ అందడం లేదంటే హ్యాండిల్ ముట్టుకోకముందు లివర్ దూరాన్ని తగ్గించే చిన్న స్క్రూ ఉందేమో చూడండి, ఇప్పటి లివర్లలో చాలావాటికి ఉంటుంది. టైరులో గాలి తగ్గించడం కూడా చేతులకు పెద్ద ఉపశమనం: 70 కిలోల మనిషికి 28 మి.మీ. టైరులో 100 పిఎస్ఐ అనవసరం, 65, 70 చాలు.

మరీ ఎక్కువ పెంచినా నష్టమే. సీటుకన్నా హ్యాండిల్ పైకి వెళితే బరువంతా వెనక్కి పోతుంది. ముందు చక్రం తేలికై తడి మలుపులో పట్టు తప్పుతుంది, గుంతల దెబ్బ నేరుగా వెన్నుపూసకు తగులుతుంది, తుంటి ఎముకల కింద సీటు గట్టిగా అనిపిస్తుంది. నడుము కింద కొత్తగా నొప్పి వచ్చిందంటే చివరి 10 మి.మీ. వెనక్కి తీసుకోండి.

హైదరాబాద్‌లో బ్రెవేలు (గడువులోగా పూర్తిచేయాల్సిన దూరపు రైడ్లు) తొక్కేవాళ్లకు ఈ వాదనలో బట్టల భాగం వర్తించదు, చలి భాగమూ వర్తించదు. నెమ్మదిగా, చాలాసేపు తొక్కే భాగం పూర్తిగా వర్తిస్తుంది. 200 కి.మీ. బ్రెవేకు గడువు 13 గంటల 30 నిమిషాలు. అంతసేపు తేలిక ఒత్తిడితో తొక్కేటప్పుడు చేతుల మీద పడే బరువు సరిగ్గా బ్రిటన్ చలికాలపు బరువే. వాళ్లూ ఆ 90 మి.మీ. ప్లస్ 6 స్టెమ్‌తో మొదలుపెట్టవచ్చు.

కొత్త ఫోర్కు వేయించుకునేవాళ్లు స్టీరర్‌ను మొదటి నెల కోయనివ్వకండి. మిగిలిన స్పేసర్లను స్టెమ్ పైన పేర్చి ఉంచితే ఎత్తు రెండు వైపులా మార్చుకోవచ్చు. స్పేసర్లతో ఒక్కో మార్పు 5 మి.మీ. మించకుండా, ఒక్కో మార్పుకు కనీసం రెండు పొడుగు రైడ్లు ఇచ్చి చూడాలి. హ్యాండిల్ టేపు అన్నీ కుదిరాకే చుట్టండి. మొదటి 50 కి.మీ. తర్వాత స్టెమ్ బోల్టులకు మళ్లీ టార్క్ రెంచి పెట్టండి, ఉప్పు రోడ్ల మీద తొక్కిన ప్రతిసారీ వాటి తలల్లో నిలిచిన నీళ్లు తుడిచి ఒక బొట్టు గ్రీజు పెట్టండి. తుప్పు పట్టి తల అరిగిన 4 మి.మీ. బోల్టును ఫిబ్రవరిలో డ్రిల్లుతో తీయాల్సి వస్తే స్టెమ్‌తో పాటు ఆ వారాంతం కూడా పోతుంది.